కత్తిపీట ముందు కూర్చున్న సేనాని

ముందే చెప్పేస్తున్నాను, ఆట ఆడటం నాకు రాదు. గుర్రమెక్కి, కత్తి పట్టుకుని కోటలోకి దూసుకుపోయే వీడియో గేమ్ అది. నేను గుర్రం ఎక్కకముందే చచ్చిపోతాను. మా ఆయన కొన్నాళ్లు పిచ్చిపట్టినట్టు ఆడి, మోజు తీరాక వదిలేశాడు. ఆ ఆటలోని మనుషులతో నేను చేసే పని వేరు. అదేమిటో మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరికీ ఒక ముక్కలో చెప్పలేను. "సాయంత్రాలు కాలక్షేపం ఏంటి మేడమ్" అని అడిగితే "బొమ్మల్ని కూర్చోబెడతాను" అంటాను. దసరా బొమ్మల కొలువు అనుకుంటారు. అనుకోనీ, నాదేం పోయింది.

అసలు సంగతి ఇది. ఆటలోని మనిషి బొమ్మను ఒక ప్రోగ్రాంలోకి తెచ్చుకోవచ్చు. ఎవరో పుణ్యాత్ములు అభిమానుల కోసం తయారు చేసి ఉచితంగా పెట్టారు దాన్ని. వచ్చినప్పుడు ఆ బొమ్మ రెండు చేతులూ బార్లా చాపి, కొయ్యలా నిలబడి ఉంటుంది. లోపల ఎముకలుంటాయి. మెడ, భుజం, మోచెయ్యి, నడుము, చివరికి వేలి కణుపులు కూడా, ఒక్కొక్కటీ పట్టుకుని తిప్పుకోవాలి. అలా నిలబెట్టో కూర్చోబెట్టో, చూపు ఎటు ఉండాలో తిప్పి, దీపాలు అమర్చి, కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకుని స్క్రీన్‌షాట్ తీయాలి. ఆ తర్వాత దాని మీద దుమ్మూ, పొగా, ఎండా, మంచూ లాంటి ఎఫెక్టులు వేసి దిద్దుకోవాలి. ఈ పిచ్చి ఉన్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లందరికీ ఒక గ్రూపు ఉంది. అందులో నా బొమ్మలకు మంచి పేరే ఉంది. గొప్పలు పోతున్నానని అనుకున్నా ఫరవాలేదు, ఉన్న మాటే చెబుతున్నాను.

నేను అబిడ్స్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూస్తాను. ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. పోవడం రావడం నడకే. నడిచేటప్పుడు దుకాణాలు చూడను, మనుషుల్ని చూస్తాను. బస్సు కోసం నిలబడ్డావిడ ఏ కాలి మీద బరువు వేసింది, పార్సిలు మోసుకుపోయే మనిషి మెడ ఎటు వంచాడు, ఇవే చూస్తుంటాను. ఒకసారి ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల్లో మనిషి ఎముకల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు కూడా లేవు. అయినా దాన్ని బాగా నమిలేశాను. మా పుట్టింటివాళ్లు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. అత్తింటివాళ్లది తరతరాలుగా హైదరాబాదే. మా ఇంట్లో రెండు రకాల తెలుగు వినిపిస్తుంది, కూరల్లో రెండు రకాల కారం పడుతుంది.

ఆ ఆటలో ఒక ముసలి సేనాని ఉంది. ఆడమనిషి. నెరిసిన జుట్టు, చెంప మీద పాత గాటు, ఒంటి నిండా ఇనుప కవచం. గ్రూపులో ప్రతివాడూ ఆవిడని ఒకేలా నిలబెడతాడు. కొండ అంచున, కత్తి పైకెత్తి, వెనక ఎర్రటి వస్త్రం ఎగురుతూ, చుట్టూ నిప్పురవ్వలు. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఏం, యుద్ధం అయ్యాక ఆవిడ కాసేపు కూర్చోదా? మోకాళ్లు నొప్పి పుట్టవా? కత్తికి అంటిన నెత్తురు ఎవరు కడుగుతారు, వీళ్ల అమ్మా? ఆ కోపంలోనే నాకు ఆలోచన వచ్చింది. యుద్ధం అయిపోయింది. వాగు ఒడ్డున నేల మీద కూర్చుని సేనాని తన కత్తి తనే కడుక్కుంటోంది. అదీ నా బొమ్మ.

అనుకోవడానికి బాగానే ఉంది. చేయబోతే తల ప్రాణం తోకకొచ్చింది. ఈ బొమ్మల్ని తయారు చేసినవాళ్లు కుర్చీల్లో కూర్చునే జనం కాబోలు, నేల మీద కూర్చోబెడితే వాటి తుంటి ఎముక మొరాయిస్తుంది. గొంతుక్కూర్చోబెడితే తొడలు పొట్టలోకి దూరిపోయాయి, కవచం చర్మంలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఎలాగో సర్ది మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఏందే, మీ సేనానికి కడుపు గడబిడ అయినట్టుంది," అన్నాడు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆయన అన్నది నిజమే. రాయి మీద కూర్చోబెట్టి చూశాను. రైలు కోసం ఎదురు చూస్తున్నట్టు ఉంది. ఒక మోకాలు ఆనించి చూశాను. దండం పెట్టబోతున్నట్టు ఉంది. కొన్ని వారాలు అలాగే గడిచాయి.

మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఇప్పటికీ కూరగాయలు ఆవిడే కోస్తారు, అదీ కత్తిపీట మీదే. నేను గట్టు మీద చెక్క పెట్టుకుని చాకుతో కోస్తే "గది కోసుడు కాదు, గీసుడు" అంటారు. ఎండాకాలంలో ఒక ఆదివారం, మొజంజాహీ మార్కెట్ దగ్గర్నుంచి పచ్చి మామిడికాయలు తెప్పించుకుని వంటింట్లో ఒరుగులకు ముక్కలు కోస్తున్నారు. నేను మంచినీళ్లకని వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను.

ఎడమ కాలు మడిచి నేలకు పరిచారు. కుడి మోకాలు పైకి లేచి ఉంది. కుడి పాదం పీటని తొక్కిపట్టి ఉంది, బొటనవేలు చెక్క అంచుని కొరికినట్టు పట్టుకుంది. నడుము నిటారుగా ఉంది కానీ ఎడమ భుజం కొంచెం జారి ఉంది. బరువంతా మడమ మీద ఉంది. కత్తి కదలడం లేదు. ఆవిడా కదలడం లేదు. రెండు చేతులూ కాయని కత్తి మీదికి తోస్తున్నాయి, ముక్కలు పళ్లెంలో పడుతున్నాయి. మొహంలో తొందర లేదు, అలసట ఉంది, దాన్ని ఎవరికీ చూపించాలన్న యావ లేదు. నా సేనాని ఇంట్లోనే ఉంది, నేను వారాల తరబడి ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నాను.

"అత్తయ్యా, అలాగే ఉండండి. కదలకండి," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపి, కళ్లు మాత్రం తిప్పారు. "ఏందమ్మా, తేలు గిట్ల ఉన్నదా?"

తేలు లేదని చెప్పి ఫోను తెచ్చాను. ఎదురుగా, పక్కగా, వెనకనుంచి, నేల మీద పడుకుని కిందనుంచి తీశాను. పాదం ఒక్కటీ విడిగా తీశాను. "నా కాళ్లు ఫోటో తీస్తవేంది, పిచ్చి లేసిందా నీకు," అంటూనే కోస్తున్నారు. ఎందుకో చెప్పాను. కంప్యూటర్‌లో ఒక బొమ్మను కూర్చోబెట్టాలి, అది మీలా కూర్చోవాలి అన్నాను. ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు. కోయడం అయిపోయాక పీటని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని లేచి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "నీ పని నువ్వు చేస్కో. గని ఈ ఫోటోలు మాత్రం ఎవ్వలకు సూపెట్టకు. ఒట్టెయ్యి," అన్నారు.

ఒట్టు వేశాను. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు. మా మామగారికి అబిడ్స్‌లో పెన్నుల దుకాణం ఉండేదట. అది మూతపడ్డాక ఇల్లు నడిచింది మా అత్తగారి తొక్కులూ, ఒరుగులూ, వడియాల మీద. కాచిగూడ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా దుకాణాలకు ఆవిడ సరుకు వెళ్లేది. మా ఆయన చదువు దాని మీదే సాగింది. కానీ చుట్టాల్లో అది గొప్పగా చెప్పుకునే సంగతి కాలేదు. ఒక పెళ్లిలో ఆడబిడ్డ ఒకావిడ ఎవరికో ఈవిడని చూపించి, "గామెనా, ఒరుగులు కోస్తది," అందట. అప్పట్నుంచీ తలుపు కొట్టిన చప్పుడైతే ఆవిడ కత్తిపీట ముందు నుంచి లేచి, చెంగు సర్దుకుని, చేతులు కడుక్కుని అప్పుడు గాని తలుపు తీయరు. నేను కాపురానికి వచ్చాక కూడా అంతే. ఇంట్లో ఉన్న ఫోటోలన్నింటిలో పట్టుచీరలో, మామగారి పక్కన నిలబడి ఉంటారు.

సరే, నేను పనిలో పడ్డాను. తుంటి ఎముక సంగతి తేల్చడానికే చాలా రోజులు పట్టింది. బరువు మడమ మీదికి రావాలంటే ముందు నడుము వెనక్కి జరగాలని, అప్పుడే తొడ తన చోట కుదురుకుంటుందని అత్తగారి ఫోటో చూశాకే తెలిసింది. సేనాని కత్తి పిడిని కుడి పాదం కింద తొక్కిపెట్టాను. అలుగు పైకి లేచి వాలుగా నిలబడింది. రెండు చేతుల్లో తడిగుడ్డ పెట్టి దాని మీదుగా తుడుస్తున్నట్టు చేశాను. మా ఆయన వచ్చి, "కత్తికి కాలు తగిలిస్తరా ఎవరన్న," అన్నాడు. "మీ అమ్మ రోజూ తొక్కే కత్తిపీట మీదే మీరు ఇంతవారయ్యారు," అన్నాను. వెళ్లి టీ పెట్టుకొచ్చాడు.

ఎడమ భుజం ఒక్కటే ఎంతకీ కుదరలేదు. రెండు భుజాలూ సమానంగా ఉంటే ఆవిడ మళ్లీ కొయ్యబొమ్మ అయిపోతోంది. కాస్త జార్చగానే మనిషయింది. ఆ క్షణంలో నేను కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను, అంత సంతోషమేసింది. ఎఫెక్టుల దగ్గర అందరూ చేసే పని నేను చేయలేదు. నిప్పురవ్వలు లేవు, మెరుపులు లేవు. మధ్యాహ్నం మా వంటింటి కిటికీలోంచి పడే ఎండ ఎలా ఉంటుందో అలాంటి ఎండ ఒకటి పక్కనుంచి వేశాను. గాలిలో కొంచెం దుమ్ము. కత్తి మీద తడి మెరుపు, అదీ గుడ్డ తుడిచిన చోట మాత్రమే. వెనక వాగునీ, గుడారాల్నీ మసక చేశాను. కాలి బొటనవేలిని మాత్రం స్పష్టంగా ఉంచాను. బొమ్మ బాగా వచ్చింది. ఎవరో మెచ్చుకునేదాకా ఆగను, నేనే చెబుతున్నాను, చాలా బాగా వచ్చింది.

గ్రూపులో పెట్టాను. ఏటా అక్కడ ఆ ఏడాది మంచి బొమ్మలన్నీ చేర్చి ఒక గ్యాలరీ పెడతారు. దానికి కవరు బొమ్మ అయితే అంతకంటే గొప్ప లేదు మాలాంటివాళ్లకు. సేనానిని కవరుకు ఎంపిక చేశారు. ఆఫీసులో భోజనాల వేళ ఆ కబురు చూసుకుని, టిఫిను డబ్బా మూత తీయకుండానే చాలాసేపు కూర్చున్నాను. పక్క సీటావిడ "ఏమ్మా, ప్రమోషనా" అని అడిగింది. అంతకంటే పెద్దదే అన్నాను.

ఆ ఆనందం నాలుగు రోజులు కూడా నిలవనివ్వలేదు. అంతకుముందు ఏడాది కవరు మీద బొమ్మ ఎవరిదో ఆ పెద్దమనిషే లేచాడు. ఇది మనిషి చేసింది కాదు, యంత్రం గీసిన బొమ్మ అన్నాడు. యంత్రానికి నాలుగు మాటలు చెబితే బొమ్మ గీసిచ్చే రోజులు కదా ఇవి. మా గ్రూపులో అలాంటివి పెడితే బొమ్మ తీసేసి, మనిషిని కూడా బయటికి పంపేస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎముకల ఫైలు మొత్తం తెరిచి అందరికీ చూపించాను. ఏ ఎముక ఎంత తిప్పానో, ఏ దీపం ఎక్కడ పెట్టానో అన్నీ అందులో ఉన్నాయి. అప్పుడు వాడు మాట మార్చాడు. ఎముకలు నువ్వే తిప్పావు, కానీ యంత్రం గీసిన బొమ్మ ఒకటి పక్కన పెట్టుకుని దాన్ని చూసి దించావు అన్నాడు. "కాలు చూడండి. కత్తిని కాలితో పట్టుకున్న తీరు చూడండి. యంత్రాలు చేసే తప్పు ఇలాగే ఉంటుంది. మనుషులు ఇలా కూర్చోరు," అని రాశాడు. వాడి వెనక ఇంకొందరు ఔను ఔనన్నారు.

మా ఇళ్లలో ఇలాగే కూర్చుంటారు అని రాశాను. కత్తిపీట వీడియోలు రెండు మూడు వెతికి పెట్టాను. అవి చూసి, "వీళ్లెవరూ అచ్చంగా ఇలా కూర్చోలేదు. ఆ భుజం ఏది? ఆ మడమ ఏది?" అన్నాడు. చూడండి, వాడి కన్ను మంచిదే. ఆ కూర్చోవడం మా అత్తగారిది. ఇంకెవరు అలా కూర్చుంటారు? గ్యాలరీ నడిపేది ఒక పెద్దావిడ, ఏ దేశమో తెలియదు. ఆవిడ మర్యాదగానే రాసింది. నియమం ప్రకారం నువ్వు దేన్ని చూసి ఈ పోజు పెట్టావో అది చూపించాలి, ఆదివారం సాయంత్రంలోగా చూపిస్తే సరి, లేకపోతే బొమ్మ తీసేయాలి, నిన్ను కూడా గ్రూపులో ఉంచలేను అంది.

ఫోటోలు నా ఫోనులోనే ఉన్నాయి. ఒక్క నిమిషం పని. కానీ ఒట్టు వేశాను. మా ఆయన, "అమ్మను అడుగు, ఏమనదు," అన్నాడు. అడగనన్నాను. అడిగితే ఆవిడ కాదనలేరు. ఇంట్లో కోడలు మొహం మాడ్చుకుని తిరుగుతుంటే సరే అంటారు. ఆ సరే నాకు వద్దు. ఆ పెళ్లిలో పడ్డ మాట ఒకటి చాలదా, ఇప్పుడు లోకమంతా చూసేచోట ఆవిడ కాలిని పెట్టి, ఇది మనిషి కాలేనా అని నలుగురి చేత వాదింపజేయాలా? బొమ్మ పోతే పోనీ అనుకున్నాను. అనుకున్నానే గాని రాత్రుళ్లు లేచి మళ్లీ మళ్లీ ఆ గ్రూపే తెరిచి చూసుకున్నాను. కొన్నేళ్లుగా కూడబెట్టుకున్న మంచి పేరు అది. దొంగ అనిపించుకుని బయటికి పోవాలి.

ఆదివారం పొద్దున ఇంకో ఉపాయం తట్టింది. నేనే అలా కూర్చుని ఫోటో పెడితే? మనుషులు ఇలా కూర్చుంటారని వాళ్లకు తెలిస్తే చాలు కదా. అత్తగారు పాల ప్యాకెట్లకు వెళ్లగానే వంటింట్లో కత్తిపీట వాల్చుకుని కూర్చోబోయాను. ఎడమ కాలు మడత పడలేదు. బలవంతంగా మడిస్తే కుడి మోకాలు టక్కుమంది. పీటని కాలితో తొక్కిపడితే అది పక్కకు జారి, నేను వెనక్కి పడి, పప్పుల డబ్బా మీద దొర్లాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నేలంతా కందిపప్పు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు పాలతో గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం చేస్తున్నవ్?"

సొరకాయ కోద్దామని అన్నాను. "సొరకాయ ఏది?" అన్నారు. సొరకాయ లేదు. ఆవిడ పాలు గట్టు మీద పెట్టి, కింద కూర్చుని పప్పు ఎత్తుతూ, "నాలుగు దినాల సంది చూస్తున్న. అన్నం సరిగ తింటలేవు. మావోడు ఏమన్న అన్నడా?" అని అడిగారు.

దాంతో కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. మొత్తం చెప్పేశాను. చెప్పాక, ఒట్టు దాటనని కూడా చెప్పాను. ఆవిడ పప్పు డబ్బాలో పోసి, "ఆ బొమ్మ ఏదో సూపెట్టు ముందు," అన్నారు. నిజానికి ఆవిడ దాన్ని అప్పటిదాకా చూడలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, బొమ్మని తెర నిండా పెద్దది చేశాను. కళ్లజోడు తెచ్చుకుని చూశారు. మొహంలోకి, తర్వాత భుజంలోకి, తర్వాత పాదంలోకి చూశారు.

"గీమె ఎవరు?"

"సేనాని, అత్తయ్యా. మొత్తం సైన్యానికి పెద్ద."

"గంత పెద్దామె గిట్ల కింద కూసుంటదా?"

"నేను కూర్చోబెట్టాను."

"సూసినోళ్లు నవ్విన్రా?"

"లేదు. మొదట అందరూ మెచ్చుకున్నారు. బొమ్మలన్నిట్లో ఇదే బాగుందని పైన పెట్టారు. తర్వాత ఒకడు, మనుషులు ఇలా కూర్చోరు, ఇది యంత్రం చేసిన తప్పు అన్నాడు."

ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు తిరిగారు. మా అత్తగారికి కోపం రావడం నేను అరుదుగా చూశాను. గొంతు పెంచరు, మాట తగ్గిస్తారు.

"మనుషులు కూసోరా? మరి నేనేంది?"

కళ్లజోడు బల్ల మీద పెట్టారు.

"యాబై ఏండ్లు కూసున్న. పిల్లగాన్ని చదివిచ్చిన గట్లనే కూసోని. నేను మనిషిని కానా?" అని లేచారు. "తియ్యి ఫోను."

పాత ఫోటోలు చాలు, మొహం కనపడకుండా కత్తిరించి పెడతాను అన్నాను. ఒప్పుకోలేదు. "మొఖం లేకుంటే మళ్ల యంత్రం అంటడు వాడు. కొత్తగ తియ్యి. వీడియో తియ్యి." చీర మార్చుకుంటారా అంటే, "కత్తిపీట కాడ పట్టుచీర కట్టుకుంటరా ఎవరన్న," అని నన్నే కసిరారు. మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, అదే నీలం నూలుచీరలో వచ్చారు. మా ఆయన్ని లేపి సొరకాయ తెమ్మని పంపారు. తెచ్చాక ఆయన చేతికే ఫోను ఇచ్చి, "జర నిలకడగ పట్టు, ఊపకు," అన్నారు.

కూర్చున్నారు. ఎడమ కాలు పరుచుకుంది, కుడి పాదం పీట మీదికి వచ్చింది, బొటనవేలు అంచుని పట్టింది, భుజం తనంతట తనే జారింది. సొరకాయని నిలువునా చీల్చి, ముక్కలు చేసి, ఫోను వైపు తలెత్తి చూశారు. నవ్వలేదు. సగంలో ఎవరో తలుపు కొట్టారు. ఎదురింటావిడ, పెరుగు తోడుకని. మా ఆయన ఫోను దించబోతే, "నువ్వు తియ్యి," అని చెప్పి, కూర్చున్న చోటు నుంచే ఎదురింటావిడని లోపలికి పిలిచారు. తోడు ఎక్కడుందో చేత్తో చూపించి, మళ్లీ కోయడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో అన్నేళ్లలో అలా జరగడం అదే మొదలు. మా ఆయన ఫోను పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. వీడియో చివర్లో అందుకే కొంచెం వణుకు ఉంటుంది.

వీడియోనీ, పక్కనే సేనాని బొమ్మనీ పెట్టాను. "ఈవిడ మా అత్తగారు. ఈవిడని చూసి చేశాను," అని మాత్రం రాశాను. ఇంకా రాయాలని చేతులు దురద పెట్టాయి. ఊరుకున్నాను. తర్వాత ఒకామె ఆ వీడియోలోని పాదాన్నీ బొమ్మలోని పాదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మా అమ్మమ్మ ఇలాగే కూర్చునేది అని కొందరు తమ తమ దేశాల నుంచి రాశారు. మమ్మల్ని ఆడిపోసుకున్న పెద్దమనిషి కూడా వచ్చాడు. తనది పొరపాటని, ఆవిడకు తన నమస్కారం చెప్పమని రాశాడు. చదివి వినిపించాను. "ఔ, చెప్పనీ," అని ఊరుకున్నారు మా అత్తగారు. కానీ ఆ మాట నా చేత రెండోసారి చదివించుకున్నారు.

బొమ్మ కవరు మీద ఉండిపోయింది. గ్యాలరీ నడిపే పెద్దావిడ ఇంకొకటి అడిగింది. బొమ్మ కింద ఎవరెవరి పని ఏమిటో రాయడం వాళ్ల అలవాటు. లైటింగ్, ఎఫెక్టులు నీ పేరు మీద వేస్తాం, పోజు దగ్గర ఎవరి పేరు వేయమంటావు అని అడిగింది. గ్రూపులో ఎవరూ సొంత పేర్లు పెట్టుకోరు. ఒకడు గద్ద, ఒకడు నల్ల తోడేలు, ఒకామె నెలవంక, వెనకాల అంకెలు. నేనూ అంతే, పిల్లి పేరొకటి తగిలించుకున్నాను. ఆఫీసువాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారో అన్న భయం, ఇంకేముంది.

అత్తగారిని అడిగాను. ఏదో ఒక మారుపేరు పెడదామా, లేకపోతే ఫలానావారి అమ్మ అని రాద్దామా అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఎందుకట మారుపేరు. కూసున్నది నేనే గదా," అన్నారు. తన పేరు చెప్పారు. పుట్టింటి ఇంటిపేరు కూడా చెప్పారు. నా పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ఇంటిపేరు నేను వినడం అదే మొదటిసారి. ఒక్కో అక్షరం సరిగ్గా పడిందా లేదా అని తెర మీద వేలు పెట్టి చూసుకున్నారు.

ఆ గ్యాలరీ ఇప్పటికీ ఉంది. గద్దలూ తోడేళ్లూ పిల్లులూ అందరం ఉన్నాం అందులో. సొంత పేరుతో ఉన్నది మా అత్తగారు ఒక్కరే.